పాట పాడినవాడిదా, విన్నవాడిదా?

వేలంలో ధర చెప్పడాన్ని తెలుగులో ‘పాడటం’ అంటారు. గోదావరి జిల్లాల్లో లంక భూముల కౌలుకీ, చేపల చెరువుకీ, మామిడితోట కాపుకీ, గుడి ముందు కొబ్బరికాయల కొట్టుకీ, నెలనెలా చీటీకీ జరిగేది పాటే. ‘ఎంతకి పాడేడు?’ అని అడుగుతారు. ‘పాట అతనికే ఖాయమైంది’ అంటారు. వేలానికి వచ్చిన సరుకు కూడా పాటే అయినప్పుడు ఆ మాటకి రెండర్థాలు వస్తాయి. అభిమానుల మధ్య తగువు అక్కడే మొదలవుతుంది. పాత గ్రామఫోను రికార్డో, గాయకుడి సంతకం ఉన్న ఫోటోనో, సినిమా హాల్లో అమ్మిన పాటల పుస్తకమో ఇంటర్నెట్ వేలంలో పెద్ద ధర పలికితే, విలువ తెలిసినవాడి చేతికి వెళ్లిందని సంతోషించేవాళ్లు కొందరు. డబ్బున్నవాడి బీరువాలోకి పోయిందని బాధపడేవాళ్లు మరికొందరు.

ఈ తగువు పాశ్చాత్య దేశాల రాక్ సంగీతంలో బాగా ముదిరింది. 2015 డిసెంబరులో బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ దాచుకున్న ‘వైట్ ఆల్బమ్’ ప్రతి, 0000001 అంకె వేసి ఉన్నది, 7,90,000 డాలర్లకు పోయింది. అది అంతకుముందు దశాబ్దాలపాటు బ్యాంకు లాకర్లో ఉంది. నిర్వానా గాయకుడు కర్ట్ కొబేన్ 1993లో ఎమ్‌టీవీ కచేరీలో వాయించిన గిటారు 2020 జూన్‌లో 60 లక్షల డాలర్లు దాటింది. క్వీన్ బ్యాండు గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ చిన్నప్పుడు మన దేశంలోనే, పంచగని బడిలో చదువుకున్నాడు. 2023 సెప్టెంబరులో లండన్‌లో ఆయన ఇంటి సామాను వేలం వేస్తే ఒక్క పియానోయే 17 లక్షల పౌండ్లు దాటింది. వేలానికి ముందు నెల రోజులు ఆ సామానును ఉచితంగా చూడనిస్తే లక్షా నలభై వేల మందికి పైగా వచ్చారు. అదే బ్యాండులో గిటారు వాయించిన బ్రయన్ మే మాత్రం తాను చూడలేనన్నాడు. ఊరంతా పండగగా చూసిన సామాను ఆయనకు పోయిన స్నేహితుడి ఇల్లు ఖాళీ అవుతున్నట్టు కనిపించింది.

తెలుగునాట ఆ స్థానం 78 ఆర్‌పీఎం రికార్డుది. పది అంగుళాల నల్లటి పళ్లెం, ఒక్కో వైపు మూడు మూడున్నర నిమిషాల పాట, మధ్యన కంపెనీ లేబులు: హెచ్‌ఎంవీ, కొలంబియా, ఓడియన్. తిరుపతి వేంకట కవుల నాటక పద్యాలు పల్లెపల్లెకీ చేరడానికి స్టేజీ ఎంత కారణమో ఈ రికార్డూ అంతే కారణం. ఆ జంటలో చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి కడియంలో పుట్టినవారు, దివాకర్ల తిరుపతిశాస్త్రి భీమవరం దగ్గరి యండగండివారు. ఆ పద్యాలు పాడిన నటుల రికార్డులు, 1930లు 40ల సినిమా పాటల రికార్డులు ఇప్పుడు సేకర్తల మధ్య చేతులు మారుతున్నాయి. ఆనాటి సినిమాల్లో చాలావాటికి ప్రింట్లు లేవు. రికార్డూ, పాటల పుస్తకమూ మిగిలితేనే ఆ సినిమా మిగిలినట్టు.

ఈ విషయం మీద వినిపించే రెండు వాదాలను ఇద్దరు మనుషుల మాటల్లో చూడవచ్చు. ఒకరు రాజమండ్రి ఇన్నీసుపేటలో ఉండే రిటైరైన తెలుగు మాస్టారు. రెండోవాడు ఆయన మేనల్లుడు, కాకినాడలో ఉద్యోగం చేసుకుంటూ ఇంటర్నెట్ వేలంలో పాత రికార్డులు కొనేవాడు. మాస్టారి దగ్గర తండ్రి కొన్న రికార్డులు పది పదిహేను ఉన్నాయి. మేనల్లుడి దగ్గర మూడు బీరువాల నిండా ఉన్నాయి.

మేనల్లుడు: ధర పెరిగిందని మీరు బాధపడుతున్నారు గానీ మావయ్యగారూ, ధర లేని రోజుల్లో వాటికేం గతి పట్టిందో మీరు చూసినవారే కదండీ. ఇంట్లోకి టేప్ రికార్డరు వచ్చేక గ్రామఫోను అటకెక్కింది. అటక మీంచి దించింది పాతసామాన్లవాడికి వెయ్యడానికే. ఇత్తడి బాకా తూకం వేసి డబ్బిచ్చేడు. రికార్డులకి కాణీ ఇవ్వలేదు, దారిలో పారేసే ఉంటాడు. ఎవరైనా అప్పుడు వంద రూపాయలిస్తానంటే ఏ ఇల్లాలైనా పారేసేదాండీ?

మావయ్య: పారేసేది కాదు. అది ఒప్పుకుంటాను. కానీ ధర వచ్చేదాకా దాని విలువ తెలియకపోవడం మన తప్పురా అబ్బాయ్. ఆ తప్పుకి వేలం ఎలా మందవుతుంది?

మేనల్లుడు: మందు కాదండి, కాపలా. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరొచ్చింది. లంకల్లో ఇళ్లు కప్పుదాకా మునిగేయి. పదేళ్లకి, 1996 నవంబరులో కోనసీమ మీద తుఫాను. మనుషులు ప్రాణాలు దక్కించుకోవడమే గగనం, రికార్డుల పెట్టె ఎవరు మోస్తారు? ఉన్నవన్నీ ఒక్క డెల్టాలోనే ఉంటే ఒక్క ఏడాది వరదకి పోతాయండి. నాలుగు ఊళ్లలో, నాలుగు దేశాల్లో ఉంటే ఒక చోట పోయినా ఇంకో చోట మిగులుతుంది.

ఈ వాదనకు చరిత్రలో బలముంది. 78 రికార్డు లక్కతో చేసింది. లక్కలో మెత్తటి రాతిపొడి, మసి కలిపి వేడి మీద అచ్చువేసేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో లక్క దొరకడం కష్టమై 1942లో అమెరికా ప్రభుత్వం రికార్డుల కంపెనీల వాడకంలో 70 శాతం కోత పెట్టింది. పాతవి తెచ్చిస్తే నలగ్గొట్టి కొత్తవి అచ్చువేశారు. అలా ఎన్ని పాటలు కరిగిపోయాయో లెక్కలేదు. అప్పుడు పాత రికార్డుకు దాని లక్క పాటి ధరే ఉంది.

మావయ్య దీనికి ఎదురు చెప్పలేదు. ఆయన అభ్యంతరం ధర ఎలా తయారవుతుందన్న దాని మీద.

మావయ్య: చేపల చెరువు పాటకి వెళ్లేవాడు ఎన్ని టన్నులు పడతాయో, మేత ఎంతవుతుందో లెక్క వేసుకుని పాడతాడు. లెక్క తప్పితే నష్టపోతాడు. రికార్డుకి ఏ లెక్క ఉంది? కొన్నవాడికి అది కాపు కాస్తుందా, పిల్లలు పెడుతుందా?

మేనల్లుడు: ఇందులో లెక్క వేరండి. ఇంటర్నెట్ వేలంలో నేను ఎంతదాకా వెళ్లగలనో ముందే రాసి పెట్టేస్తాను. నా తరఫున ఆ యంత్రమే పాడుతుంది. అవతలివాడు అయిదు వేల దగ్గర ఆగిపోతే, నేను ఇరవై వేలు రాసి ఉన్నా నాకు అయిదు వేల పైన ఒక్క మెట్టుకే వస్తుంది. ధర నిర్ణయించేది గెలిచినవాడు కాదు, ఓడినవాళ్లలో ఆఖరివాడు.

ఇది వేలం పద్ధతిలో కీలకమైన అంశం. పేపర్లో పెద్ద అంకె చూసి అభిమానులు విస్తుపోయేది కూడా ఇది తెలియకే. ఒక వస్తువు కోసం లోకంలో ఇద్దరే పట్టుదలగా ఉన్నా ధర కొండెక్కుతుంది. ఆ ఇద్దరిలో ఒకడు ఆ రాత్రి నిద్రపోతే అదే వస్తువు నామమాత్రపు ధరకు పోతుంది. కనక పలికిన ధర ఆ పాటను ఎంతమంది ప్రేమించారో చెప్పదు. ఆ రోజు ఆ ఇద్దరి దగ్గర ఎంత డబ్బుందో, ఎంత పంతముందో చెబుతుంది. ఈ పద్ధతికి ఒక చీడ కూడా ఉంది. అమ్మేవాడే తన మనిషిని దింపి ధర పెంచిస్తాడు. గోదావరి జిల్లాల వేలాల్లో పాటగాళ్లు సిండికేటై ధర దించడం జనానికి తెలిసిందే. ఇది దానికి తలకిందులు. సంతకం చేసిన ఫోటోల విషయంలో దొంగ సంతకాలూ ఉన్నాయి. అందుకే సంతకం కన్నా రికార్డు కొనడం మేలని సేకర్తలు చెబుతారు. పళ్లెం లోపలి అంచున అచ్చుకు గుర్తుగా చెక్కిన మ్యాట్రిక్స్ నంబరును దొంగతనంగా పుట్టించడం తేలిక కాదు.

మావయ్య: బాలాపూర్ వినాయకుడి లడ్డూ వేలం సంగతి నీకు తెలుసు కదా. 1994లో 450 రూపాయలకి పాడేరు. 2024లో 30 లక్షల వెయ్యికి పాడేరు. లడ్డూ అదే లడ్డూ. మరి దాని గురించి నేనేమీ అనను, ఎందుకో తెలుసా? పాడినవాడు దాన్ని ఒక్కడే తినడు. ఇంటింటికీ ముక్క పంచుతాడు, పొలంలో చల్లుతాడు. రికార్డు కొన్నవాడు ఎవరికి పంచేడు?

మేనల్లుడు: కొత్త సినిమా మొదటి టికెట్టు కూడా అభిమానులు అలాగే పాడుతున్నారు కదండీ. తెర మీద బొమ్మ అందరికీ ఒకటే. వాళ్లు కొన్నది సినిమా కాదు, నేనే మొదటివాణ్ణి అనే మాట. అది వెర్రి అనండి, నేను కాదనను. కానీ ఆ వెర్రి లేకపోతే దాచేవాడే ఉండడు.

సంవాదం ఇక్కడ రికార్డు స్థితి దగ్గరికి వచ్చింది. ఇద్దరి మధ్య నిజమైన దూరం తెలిసేదీ ఇక్కడే. వేలంలో రికార్డుకు తరగతులుంటాయి. గీతలు లేకుండా కొత్తదానిలా ఉంటే మింట్, దాదాపు అలా ఉంటే నియర్ మింట్, ఆ కింద వెరీ గుడ్, గుడ్. ఒక్కో మెట్టు దిగితే ధర సగానికి సగం పడిపోవచ్చు. గ్రామఫోనులో ఉక్కు ముల్లు గాడిని రాసుకుంటూ పోతుంది. ఒక్కో వైపుకీ కొత్త ముల్లు పెట్టమని కంపెనీలు చెప్పేవి. ఒక్క ముల్లుతోనే పది పాటలు లాగించడం ఇళ్లలో మామూలు. అలా ప్రతి వినికిడికీ గాడి కొంత అరుగుతుంది.

మావయ్య: మా నాన్న ఎండాకాలం రాత్రులు అరుగు మీద పెట్టె పెట్టి కీ ఇస్తే వీధివాళ్లంతా చాపలు తెచ్చుకునేవారు. అప్పుడు వేసిన నాటకం రికార్డు ఇప్పుడు బూడిదరంగులో ఉంది. నీ లెక్కలో దానికి ఏ తరగతి?

మేనల్లుడు: గుడ్ కూడా రాదండి. దాని కింద తరగతి.

మావయ్య: మచ్చలేని రికార్డంటే ఎవరూ వినని రికార్డన్నమాట. కొన్నవాడు నచ్చక పక్కన పడేసేడు, లేదా ముల్లు కొనే స్తోమత లేక వదిలేసేడు. దానికి ధర కడుతున్నారు. వందమంది కళ్లు తుడుచుకుంటూ విన్నదానికి విలువ లేదంటున్నారు. పాటని మెచ్చుకోవడానికి ఇదేం కొలతరా?

ఈ ప్రశ్నకు బలం ఉంది. ‘అరిగిపోయిన రికార్డు’ అని తెలుగులో ఒకే మాట పదే పదే చెప్పేవాణ్ణి వెక్కిరిస్తారు. రికార్డు పరంగా చూస్తే ఆ అరుగుదల అభిమానానికి మిగిలిన గుర్తు. కేటలాగులో రాసే తరగతి వస్తువు ఆరోగ్యాన్ని చెబుతుందే తప్ప దాని జీవితాన్ని చెప్పదు. అయితే మేనల్లుడి జవాబు కూడా తోసిపుచ్చేది కాదు.

మేనల్లుడు: మీరు చెప్పింది మనిషి పక్షాన నిజమండి. పాట పక్షాన మాత్రం కాదు. కంపెనీ దగ్గర లోహపు అచ్చు మిగలని పాటకి ఇళ్లలో మిగిలిన ప్రతే ఆధారం. అరిగిన గాడిలో పై స్వరాలు పోతాయి. సూర్యకుమారి గారి గొంతులో పలుకు ఎంత సన్నగా విరుగుతుందో అరిగిన రికార్డులో వినబడదు. ఎవరో వినకుండా పక్కన పడేసిన ప్రతి ఉండబట్టే ఆ పలుకు ఇప్పుడు మనకి దొరుకుతోంది. వినని ఆయనకి మనం రుణపడ్డాం.

సూర్యకుమారి పేరు ఈ చర్చలోకి రావడం సహజం. గోదావరి తీరం నుంచి బయలుదేరి సముద్రాలు దాటిన గొంతు ఆమెది. టంగుటూరి సూర్యకుమారి 1925లో రాజమండ్రిలో పుట్టారు. ప్రకాశం పంతులు గారికి తమ్ముడి కూతురు. చిన్న వయసులోనే సినిమాల్లో నటించి పాడారు. గూడవల్లి రామబ్రహ్మం ‘రైతుబిడ్డ’ (1939)లోనూ ఉన్నారు. శంకరంబాడి సుందరాచారి రాసిన ‘మా తెలుగు తల్లికి మల్లెపూదండ’ ఊరూరా బళ్లలో ప్రార్థనగా మారకముందు ఆమె గొంతుతో గ్రామఫోను రికార్డుగా ఇళ్లకు చేరింది. 1947 ఆగస్టు 15న మద్రాసు రేడియోలో ఆమె పాడిన స్వాతంత్ర్య గీతాన్ని రాసి బాణీ కట్టినవారు నిడదవోలులో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావు. 1961లో సూర్యకుమారి న్యూయార్క్ రంగస్థలం మీద టాగూర్ నాటకంలో నటించారు. తరవాత లండన్‌లో స్థిరపడి 2005లో అక్కడే కన్నుమూశారు. ఇలాంటి మనిషి జ్ఞాపకాలు ఏ ఊళ్లో ఉండాలన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. రాజమండ్రికి హక్కుంది, చెన్నైకి ఉంది, లండన్‌కీ ఉంది.

మావయ్య: చిత్రకారుడు దామెర్ల రామారావు 28 ఏళ్లు నిండకుండానే, 1925లో, మశూచితో పోయేడు. ఆయన బొమ్మలు ఒక్కొక్కటిగా అమ్మేసి ఉంటే ఆ కుటుంబానికి డబ్బొచ్చేదే. భార్య సత్యవాణమ్మగారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారు, స్నేహితులు అలా చెయ్యలేదు. ఒక్క చోట ఉంచేరు. అందుకే ఈవేళ రాజమండ్రిలో దామెర్ల గ్యాలరీ ఉంది. నేను బడిపిల్లల్ని తీసుకెళ్లి చూపించేను. గౌతమీ గ్రంథాలయం అంత పుస్తకం ఎలా పోగేసింది? ఇళ్లలోవాళ్లు ఇచ్చేరు. ఎవరూ వేలం పాడలేదు.

మేనల్లుడు: పాటకి దామెర్ల గ్యాలరీ లాంటి చోటు చూపించండి మావయ్యగారూ, నా మూడు బీరువాలూ రేపే తెచ్చి దింపేస్తాను. తేమకి బూజు పట్టకుండా నిలబెట్టి పెట్టాలి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే కిందవి వంగుతాయి, పగులుతాయి. మరక పోతుందని స్పిరిట్‌తో తుడిచేవాడు ఒక్కడుంటే చాలు, లక్క స్పిరిట్‌లో కరిగిపోతుంది. ఇవి తెలిసిన మనిషి జీతానికి ఉండాలి. అది అయ్యేదాకా వీటిని చూసుకునేది డబ్బు పెట్టి కొన్నవాడే. డబ్బు పెట్టేడు కాబట్టే చూసుకుంటాడు.

మావయ్య: చెన్నైలో వి.ఎ.కె. రంగారావు గారు వేల రికార్డులు పోగుచేసేరు. ఎవరైనా ఫలానా పాట ఎవరు పాడేరు, ఏ రికార్డు అని అడిగితే రాసి చెప్పేవారు. ఆయన్ని నేను సేకర్త అంటాను. కొని తాళం వేసేవాణ్ణి మాత్రం గిడ్డంగి యజమాని అంటాను. తేడా డబ్బులో లేదురా, అడిగినవాడికి చెప్పడంలో ఉంది.

మేనల్లుడు: ఆ తేడాకి నేనూ కట్టుబడతాను. కొబేన్ గిటారు కొన్న ఆస్ట్రేలియా వ్యాపారి దాన్ని ఊరూరా ప్రదర్శిస్తానని, వచ్చింది కళాకారులకిస్తానని ఆ రోజే చెప్పేడు. ఫ్రెడ్డీ మెర్క్యురీ వేలం డబ్బులో కొంత ఎయిడ్స్ రోగుల కోసం పనిచేసే సంస్థలకి వెళ్లింది. వేలం అనగానే తాళం అనుకోకూడదండి.

ఇక్కడ ఒక విషయం వేరుగా చెప్పుకోవాలి. గిటారు, పియానో, చేతిరాత కాగితం లోకంలో ఒక్కొక్కటే ఉంటాయి. వాటికి నకలు తీసినా నకలే. రికార్డు అలాంటిది కాదు. అది పుట్టుకతోనే నకలు. కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీలో ఒకే అచ్చు నుంచి వందలు, వేలు వచ్చేవి. అన్నీ పోయి ఒకటి మిగిలినప్పుడే అది గిటారులాంటిదవుతుంది. అప్పుడు కూడా దానిలోని పాటను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే పళ్లెం ఒకచోట ఉండి పాట అన్ని చోట్లా ఉండగలదు. రాక్ అభిమానుల వేలం గొడవకీ, తెలుగు రికార్డుల గొడవకీ అసలు తేడా ఇదే. ఈ తేడాను పట్టించుకుంటే రెండు వాదాల మధ్య ఉన్న గోడ చాలావరకు కూలుతుంది. అభిమాని కోరేది పాట, సేకర్త కోరేది పళ్లెం. రెండూ ఒకే ధరలో ఇరుక్కోవడం వల్ల ఒకరి సంతోషం రెండోవారికి దోపిడీలా కనిపిస్తోంది.

మావయ్య: చీటీ పాట సంగతి ఆలోచించు. అవసరమున్నవాడు లక్ష చీటీని ఎనభై వేలకి పాడుకుంటే, వదులుకున్న ఇరవై వేలలోంచి నిర్వాహకుడి వాటా పోను మిగతాది సభ్యులందరికీ పంచుతారు. పాట ఒకడిదే అయినా ఓడినవాళ్ల చేతికీ ఎంతో కొంత వస్తుంది. అందుకే చీటీ నడుస్తుంది. నీ వేలంలో ఓడినవాడికి ఏం వస్తుంది?

మేనల్లుడు: ఇప్పటిదాకా ఏమీ రాదండి.

మావయ్య: వచ్చేలా చెయ్యి మరి. పళ్లెం నువ్వే ఉంచుకో. పాట కాపీ చేసి అడిగినవాడికివ్వు.

మేనల్లుడు: ఇవ్వడానికి అభ్యంతరం లేదు. చట్టం చూసుకోవాలి.

చట్టం ఈ విషయంలో కొంత అనుకూలం, కొంత ప్రతికూలం. రికార్డు కొన్నవాడికి పళ్లెం మీద తప్ప పాట మీద ఏ హక్కూ రాదు. భారతదేశ కాపీరైట్ చట్టం ప్రకారం ధ్వనిముద్రణ మీద హక్కు అది వెలువడిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. 1947లో వెలువడిన రికార్డయితే ఆ హక్కు 2007 చివరికి తీరిపోయింది. కంపెనీ అనుమతి అక్కర్లేదు. కానీ పాట రాసినవారి హక్కు వేరు. అది రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. సుందరాచారి 1977లో కన్నుమూశారు కనక ఆయన రచనల మీద హక్కు 2037 చివరిదాకా ఉంటుంది. రజనీకాంతరావు 2018లో వెళ్లిపోయారు. ఆయన రాసి బాణీ కట్టిన పాటలకు 2078 చివరిదాకా. తిరుపతి వేంకట కవుల పద్యాలకు ఆ అడ్డు ఎప్పుడో తొలగిపోయింది. ఒకే పెట్టెలో ఉన్న మూడు రికార్డులకు మూడు లెక్కలు. వారసుల అనుమతి అడిగి తీసుకోవడం ఈ పనిలో ఎక్కువ కాలం పట్టే భాగం. సేకర్తలు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆగకూడదు. రచయిత కుటుంబం ఎక్కడుందో తెలిసినవాళ్లు ఊళ్లో ఉండగానే వెతకాలి.

పని తీరు కూడా తెలిసి చేయవలసిందే. ఎల్‌పీ రికార్డుకు వాడే ముల్లు అంగుళంలో వెయ్యో వంతుకు మించదు. 78 రికార్డు గాడికి దానికి దాదాపు మూడింతల మందం ముల్లు కావాలి. సన్నముల్లు గాడి అడుగున దొర్లుతూ దుమ్ము చప్పుడే వినిపిస్తుంది. తొలినాటి రికార్డులు లేబులు మీద 78 అని ఉన్నా కొంచెం అటూ ఇటూ వేగంతో తీసినవి. వేగం సరి చేయకపోతే గాయని శ్రుతే మారిపోతుంది. రెండు వైపులా ఎక్కించాలి. లేబులు ఫోటో తీయాలి, మ్యాట్రిక్స్ నంబరు రాసుకోవాలి. చప్పుడు తీసేసిన ప్రతితో పాటు తీయని ప్రతి కూడా ఉంచాలి. ఇప్పుడు చప్పుడనుకుని తీసేసింది రేపటి యంత్రానికి స్వరంగా దొరకవచ్చు.

ఏ రికార్డు ముందు ఎక్కించాలన్న వరస విషయంలోనే వాళ్లిద్దరికీ చివరి తేడా వచ్చింది. మేనల్లుడు ఖరీదైనవి ముందు చేద్దామన్నాడు. అవి పగిలితే తిరిగి రావన్నది అతని భయం.

మావయ్య: ఖరీదైనవి నీ బీరువాలో నిలబడి ఉన్నాయి. వాటికేం తొందర? నా బూడిదరంగుది ఇంకో నాలుగుసార్లు తిప్పితే ఉండదు. దాని జత ఎవరి దగ్గరైనా చూసేవా?

మేనల్లుడు: లేదండి. ఆ నటుడిది, ఆ నాటకంలోది, ఏ వేలంలోనూ తగల్లేదు. కేటలాగుల్లోనూ చూళ్లేదు.

మావయ్య: ధర లేకపోవడానికి అది కూడా కారణమేమో. లేనిదాన్ని ఎవడు పాడతాడు.

మేనల్లుడు: అయితే అదే ముందు చేద్దామండి. మందం ముల్లు తెప్పించేను, ఆదివారం పట్టుకొస్తాను. ఒక్కసారే తిప్పుదాం, రెండోసారి వద్దు.

మావయ్య: రెండో వైపు మధ్యలో ముల్లు గాడి తప్పుతుంది, రాగం తీసి ఆపే చోట. అక్కడ మా నాన్న చేతి వేలితో ఇలా ఆన్చి పట్టేవాడు. ఎక్కడ ఆన్చాలో నాకు తెలుసు, నేను పడతాను.